విమానం దిగినంకనే అసలు తిప్పలు షురువైతది

పోయిన యాడాది మా ఊరి పిలగాడు ఒకడు రెండేండ్లకు దుబాయి నుంచి వచ్చిండు. తోలుకరానీకి నేనే పోయిన. రాత్రి రెండు గంటలకు బయటికొచ్చిండు. నేను చాయ తాగి వచ్చేలోపే ఒకాయన వాని సంచి పట్టుకొని "రా అన్నా, బండి రెడీ" అని గుంజుకపోతుండు. జేబీఎస్ దాక ఎంత అనంటే వాడు చెప్పిన రేటుకు ఊర్ల పది రోజులు కూలి చెయ్యాలె. పిలగాడు బేరం గూడ ఆడలే. విమానం దిగినోడు బస్సు అడిగితే నామోషి అనుకున్నడట!

గీ నామోషి ఎవ్వరు నేర్పిన్రు మనకు? గదే అడుగుతున్న.

2008 మార్చిల బేగంపేట విమానాశ్రయం ప్యాసింజర్లకు బందు చేసి శంషాబాద్ షురు చేసిన్రు. ఊరి నడుమ ఉన్నది పోయి పాతిక కిలోమీటర్ల అవుతల పడ్డది. ఐదు వేల ఎకరాలకు పైన జాగ. అందుల మన పల్లెల భూములున్నయి. కంపెనీ నడిపినా అండ్ల కేంద్ర విమానాశ్రయాల సంస్థకు, మన రాష్ట్ర సర్కారుకు గూడ వాటా ఉన్నది. అంటే గది మనది గూడ. 2023-24ల రెండున్నర కోట్ల మంది దాని మీదికెల్లి వచ్చిపోయిన్రు. అందుల సూటుబూటోళ్లే లేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే కూలోళ్లు ఉన్నరు. కొందరు బాక్సులల్ల గూడ వస్తరు. వాళ్ల కోసం అవ్వలు, అయ్యలు బయట ఏడ్సుకుంట నిలబడుతరు.

మరి ఆడికి తొవ్వ ఎవ్వల కోసం ఏసిన్రు? 2009ల మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాక 11 కిలోమీటర్లకు పైన ఫ్లైఓవర్ కట్టిన్రు. ఊరు సుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఏసిన్రు. మంచిదే. గని ఔటర్ మీదికి బైకు రానియ్యరు, ఆటో రానియ్యరు. కారున్నోనికి తొవ్వ మొదాలు వచ్చింది. రైలు ముచ్చట మాత్రం ఇంకా నడుస్తనే ఉన్నది.

మెట్రో సంగతి సూడున్రి. 2022 డిసెంబర్‌ల రాయదుర్గం నుంచి విమానాశ్రయం దాక 31 కిలోమీటర్ల లైనుకు అప్పటి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిండు. యాడాదికి సర్కారు మారింది, లైను గూడ మారింది. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదికెల్లి పోవాలన్నరు. 2024ల కొత్త ప్లాను ఢిల్లీకి పంపిన్రు. పాతబస్తీ దిక్కు పోయే లైను పేదలకు ఎక్కువ అక్కెరకొస్తదని నేనైతే ఒప్పుకుంట. గని కాయితం మీది రైలెక్కి ఎవ్వలం ఇంటికి రాలేం. ఢిల్లీల 2011ల, చెన్నైల 2016ల, బొంబాయిల 2024ల విమానాశ్రయానికి మెట్రో వచ్చింది. వాళ్లకు అయింది మనకెందుకు కాలే?

ఎంఎంటీఎస్ ఇంకో కత. ఉందానగర్ స్టేషన్ దాక పట్టాలున్నయి, లోకల్ రైలు వస్తది. ఆడికెల్లి టర్మినల్ ఐదారు కిలోమీటర్లే. ఏనుగు ఎల్లింది, తోక చిక్కింది అన్నట్టు ఆగిపోయింది. మెట్రోకు వేల కోట్లు గావాలె, ఒప్పుకుంట. రైలు టైముకు స్టేషన్ ముంగట రెండు బస్సులు నిలబెట్టనీకి ఏం గావాలె? మనసు గావాలె, గంతే.

గిప్పుడైతే మనం ఏం చెయ్యాలె? తమ్మీ, చెల్లె, జర యాదిల పెట్టుకోన్రి. టికెట్ మీది పేరు, ఆధార్ లేదా పాస్‌పోర్ట్ మీది పేరు ఒక్కతీరుగ ఉండాలె. మొఖం సూపెట్టి లోపలికి పోయే డిజియాత్ర అందరికి తప్పనిసరి కాదు. వద్దనుకుంటే మామూలు లైన్ల పోవచ్చు. పవర్ బ్యాంకు చేతి సంచిలనే పెట్టుకోవాలె. శంషాబాద్‌ల ఒక్కటే టర్మినల్, పైన ఎక్కుడు, కింద దిగుడు. బొంబాయి అట్ల కాదు. ఆడ టీ1, టీ2 దూరం దూరం ఉంటయి. టికెట్ మీద ఏది రాసుందో ముందే సూసుకోన్రి.

దిగినంక ఎవ్వడు సంచి గుంజినా ఇయ్యొద్దు. ఆర్టీసీ పుష్పక్ బస్సు ఏడ ఆగుతదో అడుగున్రి. సికింద్రాబాద్, ఎల్బీనగర్, మియాపూర్ దిక్కు పోతయి. కరీంనగరోళ్లు జేబీఎస్‌ల, నల్లగొండోళ్లు ఎల్బీనగర్‌ల దిగి ఊరి బస్సు పట్టొచ్చు. పాలమూరోళ్లు పట్నం లోపలికి పోవుడే దండుగ, శంషాబాద్ ఊర్లకొస్తే హైవే మీదనే బస్సులు దొరుకుతయి. కారే గావాలంటే ప్రీపెయిడ్ కౌంటర్ల రసీదు తీసుకోన్రి.

ఒక్క ముచ్చట గూడ. పుష్పక్‌ల ఆడోళ్లకు మహాలక్ష్మి ఉచితం నడవదు. కొడుకును సాగనంపే అవ్వకు బస్సు చార్జి గూడ బరువే. రాత్రి గల్ఫ్ విమానాలు దిగే టైముకు జిల్లాల బస్సులు టర్మినల్ కాడికే రావాలె, అవి మామూలు చార్జీల ఉండాలె. ఉందానగర్ రైలుకు బస్సు కలపాలె. గివి ఆకాశంల సుక్కలు కావు.

2025ల వరంగల్ మామునూరు విమానాశ్రయానికి కేంద్రం సరే అన్నది. ఆడ గూడ రైతులు భూములు ఇడుస్తున్నరు. రన్‌వే పొడుగెంత అని అందరు అడుగుతున్నరు. మీరు మీ సర్పంచిని, మీ ఎమ్మెల్యేను ఇంకోటి అడుగున్రి: పొద్దుగాల మొదటి విమానం దిగే యాళ్లకు బయట మన బస్సు ఉంటదా, ఉండదా?

మా పిలగాడు ఆ దినం నాతోని పుష్పక్ ఎక్కిండు. మిగిలిన పైసలతోని జేబీఎస్ కాడ వాళ్లమ్మకు చీర కొన్నడు. గండ్ల నామోషి ఏముంది?