ఖాళీ గడుల నికాహ్‌నామా

ఇబ్రహీంపట్నం అంటే ఒకప్పుడు పెద్ద చెరువు, దాని కింది సాగు గుర్తుకు వచ్చేవి. నేడు ఇంజనీరింగ్ కళాశాలలు, ఆదిభట్ల వైపు వెలసిన సంస్థలు, వాటి కోసం దూర ప్రాంతాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న యువతీయువకులు కూడా గుర్తుకు వస్తారు. ఈ మార్పుతో పాటే ఒక ప్రశ్న మన ఇళ్ల ముంగిటికి వచ్చింది. పెళ్లి లేకుండా ఏళ్ల తరబడి కలిసి జీవించే ఇద్దరు స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకుంటే అది చెల్లుతుందా? రేపు అతడు విడిచిపెడితే ఆ కాగితం ఆమెను ఆదుకుంటుందా?

మా వైఖరి స్పష్టం. స్త్రీపురుషుల సహచర్యానికి ఇస్లాం చూపిన మార్గం నికాహ్ ఒక్కటే. అయితే, ప్రశ్న మనకు నచ్చలేదని చెవులు మూసుకుంటే, మోసపోయి వచ్చిన ఆడబిడ్డకు మన మౌనం ఏ విధంగానూ అక్కరకు రాదు. కాబట్టి చట్టం ఏమి చెబుతున్నదో ముందుగా తెలుసుకుందాం.

మేజర్లయిన ఇద్దరు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో ఖుష్బూ కేసులో పేర్కొంది. 2005 నాటి గృహహింస చట్టం ‘వివాహ స్వభావం కలిగిన సంబంధం’లోని స్త్రీకి కూడా రక్షణ కల్పించింది. కానీ ఆ రక్షణకు హద్దులున్నాయి. ఇద్దరూ సమాజం ఎదుట భార్యాభర్తలుగా మెలగాలి, పెళ్లికి అర్హులై ఉండాలి, చెప్పుకోదగినంత కాలం కలిసి జీవించి ఉండాలి అని వేలుస్వామి కేసులో అదే న్యాయస్థానం 2010లో షరతులు పెట్టింది. అతడు వివాహితుడని తెలిసీ పద్దెనిమిదేళ్లు కలిసి బతికిన స్త్రీకి 2013లో ఇంద్రా శర్మ కేసులో ఆ రక్షణ దక్కలేదు.

ఇక ఒప్పంద పత్రం సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం, న్యాయస్థానం అనైతికమని గాని, ప్రజాహితానికి విరుద్ధమని గాని భావించిన ఒప్పందం చెల్లదు. సహజీవన ఒప్పందం ఈ పరీక్షకు నిలుస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. నోటరీ ముద్ర చూసి మోసపోరాదు. నోటరీ సంతకాన్ని ధ్రువీకరిస్తాడు. అంతమాత్రాన ఆ స్త్రీ భార్య కాదు, ఆమెకు వారసత్వమూ రాదు. ‘ముందు కాగితం రాసుకుందాం, నికాహ్ తర్వాత చూద్దాం’ అనే పురుషుడు ఆమెకు ఇస్తున్నది హామీ కాదు, గడువు లేని వాయిదా.

అయితే ఇతరుల కాగితాన్ని తప్పుపట్టే ముందు మన కాగితాన్ని మనం చూసుకోవాలి. ఇబ్రహీంపట్నానికి కూతవేటు దూరంలోని హైదరాబాద్ పాతబస్తీలో నికాహ్ పేరుతోనే తాత్కాలిక బేరాలు సాగాయి. గల్ఫ్ నుంచి వచ్చిన వృద్ధులకు పేదింటి బాలికలను కట్టబెట్టిన ఉదంతాల్లో 2017 సెప్టెంబరులో పోలీసులు విదేశీయులతో పాటు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. అక్కడ నికాహ్‌నామా ఉంది, సాక్షులూ ఉన్నారు. లేనిదల్లా ఆ బిడ్డ భవిష్యత్తు గురించిన ఆలోచనే. పవిత్రమైన ఒడంబడికను కిరాయి రసీదుగా మార్చిన ఆ పాపంలో దళారులతో పాటు, తెలిసీ నోరు మెదపని పెద్దలకూ వాటా ఉంది.

దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో వివాహాన్ని గట్టి ప్రమాణంగా అభివర్ణించింది. బఖరా సూరాలో అప్పును సైతం సాక్షుల సమక్షంలో రాసుకోమని ఆదేశించింది. ముస్లిం వివాహం ఒక ఒప్పందమని 1886లోనే అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ మహమూద్ తీర్పు చెప్పారు. ఒప్పందమంటే షరతులు పెట్టుకునే హక్కు. తన అనుమతి లేకుండా భర్త రెండో పెళ్లి చేసుకుంటే విడిపోయే అధికారం భార్యకు ఇచ్చిన షరతును కలకత్తా హైకోర్టు 1871లోనే ఆమోదించింది. మహర్ కూడా అలంకారప్రాయమైన అంకె కాదు. భర్త మరణిస్తే వారసులు ఆస్తి పంచుకోవడానికి ముందే తీర్చవలసిన అప్పు అది.

ఇంతటి ఆయుధం చేతిలో ఉండగా మన పెళ్లిళ్లలో జరుగుతున్నదేమిటి? విందు పదార్థాల గురించి వారాల తరబడి చర్చించే కుటుంబాలు నికాహ్‌నామాను చదవడానికి పది నిమిషాలు కేటాయించవు. షరతుల గడి ఖాళీగా ఉంటుంది. మహర్ ఎప్పుడు చెల్లించాలో రాయరు. పెళ్లికూతురి ప్రతి ఎవరి బీరువాలో ఉందో ఆమెకే తెలియదు. సహజీవన ఒప్పందంలో యువతి ఏ భద్రతను వెతుక్కుంటున్నదో, ఆ భద్రతను మన నికాహ్‌నామా ఇవ్వగలదు. ఇవ్వనిది మన నిర్లక్ష్యమే.

ఈ నిర్లక్ష్యాన్ని సాకుగా చూపి రాజ్యం ఇంట్లోకి చొరబడటాన్ని కూడా మేము అంగీకరించం. 2025 జనవరి 27న ఉత్తరాఖండ్‌లో అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి సహజీవనాన్ని నమోదు చేయించుకోవాలని శాసించింది. ఆ వివరాలను పోలీస్ స్టేషన్‌కు పంపాలన్నది. విడిచిపెట్టిన స్త్రీకి భరణం, బిడ్డకు చట్టబద్ధత అందులోని మేలైన అంశాలే. కానీ వాటికి వెలగా పోలీసు నిఘాను అంటగట్టడం అన్యాయం. మతాంతర జంటలపై ఇప్పటికే కన్నెర్ర చేస్తున్న వాతావరణంలో ఆ జాబితా ఎవరి చేతికి ఆయుధమవుతుందో ఊహించడం కష్టం కాదు.

తెలంగాణ ముస్లిం స్త్రీకి న్యాయస్థానాల తలుపులు తెరిచే ఉన్నాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ సాధారణ చట్టం కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2024 జులై 10న తీర్పు చెప్పింది. ఆ కేసు మన రాష్ట్రం నుంచి వెళ్లినదే. ఖులా కోరే భార్యకు భర్త అంగీకారం అవసరం లేదని మన హైకోర్టు 2025 జూన్‌లో స్పష్టం చేసింది. అయినా కోర్టు మెట్లెక్కే ప్రతి స్త్రీ మొదట చూపవలసింది కాగితమే.

కాబట్టి ఇబ్రహీంపట్నంలోని మస్జిద్ కమిటీలకు, ఖాజీ సాహెబులకు, తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి. నికాహ్‌నామాను పెళ్లికి వారం ముందే ఇరువైపులా చదవండి. వధువుకు అర్థమయ్యే భాషలో, తెలుగులోనైనా ఉర్దూలోనైనా, వివరించండి. ఇద్దరి వయసు ధ్రువపత్రాలు చూడండి. వరుడికి ఇంతకుముందు పెళ్లయిందా అని అడగడానికి మొహమాటపడకండి. మహర్ ఎంత, ఎప్పుడు అన్నది స్పష్టంగా రాయించండి. 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది, నమోదు చేయించండి. ఒక ప్రతిని వధువు చేతికే ఇవ్వండి.

ఇప్పటికే కాగితం లేని బంధంలో చిక్కుకున్న సోదరి సహాయం కోరి వస్తే ముందు ఆమె మాట వినండి. తీర్పు చెప్పేవాడు అల్లాహ్. ఆమెకు, ఆమె బిడ్డకు నీడ దొరికేలా చూడటం మన బాధ్యత.