అయిదు గోల్స్ పడితే ఏమైందిట?

మా ఏడో తరగతి పిల్ల మోకాళ్ళు గీరుకుపోయి ఇంటికొచ్చింది. స్కూల్లో దాన్ని గోల్‌కీపర్‌గా నిలబెట్టారుట. "మచ్చలు పడతాయి, ఎండకి నల్లబడిపోతుంది, మానిపించెయ్" అంది మా ఆడపడుచు. ఆవిణ్ణి అని ఏం లాభం, దూదితో మందు రాస్తూ నేనూ అదే అనబోయాను.

అదితీ చౌహాన్ పేరు విన్నారా? ఢిల్లీలో పెరిగిన అమ్మాయి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి ఇంగ్లండులో లఫ్‌బరో యూనివర్సిటీకి వెళ్ళింది. ఆటలాడితే చదువు అటకెక్కుతుందనే వాళ్ళు ఈ మాట ఇంకోసారి చదువుకోండి. 2015లో వెస్ట్‌హామ్ లేడీస్ జట్టుకి గోల్‌కీపర్ అయింది. అక్కడ మొదటి మ్యాచ్‌లోనే జట్టు 5-0తో ఓడిపోయింది. అయిదు గోల్స్, అన్నీ తన వెనకున్న వలలోనే!

మనింట్లో అయితే ఏమనేవాళ్ళం? కొడుకైతే "పోన్లేరా, మళ్ళీ ఆడుదువుగాని" అంటాం. కూతురైతే "చెప్పానా, నీకెందుకే ఇవన్నీ?" అంటాం. ఇంటికి పిలిపించి సంబంధాలు చూసేవాళ్ళం కూడాను. ఆ అమ్మాయి ఆగలేదు. తర్వాత గోకులం కేరళ తరఫున ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. దేశం తరఫున ఆడి ఆడి 2025లో రిటైరైంది.

ఆపిన బంతులు ఎవరూ లెక్కపెట్టరు, వదిలిన ఒక్కటీ అందరూ చెప్పుకుంటారు. వంటింట్లో ఉన్న మనకి ఇది ఎవరో చెప్పాలా? తెలిసిన మనమే పిల్లల్ని వెనక్కి లాగడమే నాకు మింగుడుపడదు.

నిన్న గ్లౌజులు కొన్నాను. ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.