నేను ఏప్రిల్ నెల పాఠకురాలిని కాదు

నన్ను ఏప్రిల్లో పిలుస్తారు. డిసెంబరులో పిలుస్తారు. ఏప్రిల్ 14న పుట్టినందుకు ఒకసారి, డిసెంబరు 6న పోయినందుకు ఒకసారి బాబాసాహెబ్ మా పుస్తక బృందానికి గుర్తొస్తాడు. ఆయనతోపాటు నేనూ గుర్తొస్తాను. మిగతా పది నెలలూ నేను కుర్చీలో కూచుని, టీ తాగి, వినాలి. ఇదేం రాసిపెట్టిన రూలు కాదు. ఎవరూ నోటితో అనరు కూడా. అనరు గనకే ఇన్నాళ్ళూ పట్టుకుని నిలదీయటానికి వీల్లేకపోయింది.

విజయవాడలో నెలకో ఆదివారం సాయంత్రం ఒకరింటి మేడ మీద చేరతాం. లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన ఇంజనీర్లు. మంచోళ్ళే. ఎవరూ నన్ను కులం పేరుతో తిట్టలేదు. టీ గ్లాసు వేరుగా పెట్టలేదు. "అయితే ఇంకేంటి నీ బాధ?" అనేవాళ్ళ కోసమే ఈ రాత.

మొన్నొక నెల దాస్తొయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' పెట్టుకున్నారు. బడి నుంచి వచ్చి, వంట చేసి, పిల్లల నోటుబుక్కులు దిద్ది, రాత్రిళ్ళు కూచుని చదివాను. నా కాపీ నిండా పెన్సిలు గీతలే. రాస్కోల్నికోవ్ బీరువాలాంటి ఇరుకు గదిలో ఉంటాడు. ఇంటావిడకి అద్దె బాకీ. మెట్లు దిగేటప్పుడు ఆమె వంటగది ముందు నుంచి పిల్లిలా జారుకుంటాడు. అట్లాంటివాడే, లోకంలో మామూలు మనుషులు వేరు, గొప్పోళ్ళు వేరు, గొప్పోళ్ళకి రక్తం చిందించే హక్కు కూడా ఉంటుందని వ్యాసం రాస్తాడు. మనుషుల్ని పైరకం, కిందిరకం అని చీల్చే వాదం బలిసినోడి బుర్రలోనే కాకుండా పస్తున్నోడి బుర్రలో ఎలా మొలిచింది? ఇదీ నేను అడగాలనుకున్న ప్రశ్న. నోరు తెరిచాను. ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా, "మేడమ్, మీరు ఏప్రిల్లో ఎలాగూ మాట్లాడతారుగా. ఇవాళ్టికి సాహిత్యపరంగా వెళ్దాం" అన్నాడు. అందరూ తలలూపారు.

సాహిత్యపరంగా! ఈ మాట దగ్గరే నా తగాదా.

మాకు అనుభవం, వాళ్ళకి సాహిత్యం. మేం గాయం చూపించాలి, వాళ్ళు శిల్పం చెప్పాలి. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేది మేం, కుంచం పట్టుకుని కొలిచేది వాళ్ళు. పొలంలో నడిచిన పద్ధతే పుస్తకంలోనూ నడవాలంటే ఎట్లా?

పుస్తకాల షాపులోనూ ఇదే పద్ధతి. జీతం పడ్డ నెల మొదటివారం ఏలూరు రోడ్డు నాకు తిరణాల. మా ఆయన "బియ్యం కూడా అక్కడే అమ్మితే బాగుండు" అని ఎకసెక్కెం చేస్తాడు. అక్కడొక షాపులో 'దళిత సాహిత్యం' అని అట్టముక్క కట్టిన అర ఉంది. అడుగు వరస. వంగితేగానీ కనపడదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' అందులో లేదు. అది కళ్ళెదుట, క్లాసిక్స్‌లో ఉంది. ఉండాల్సిందే. 1922 నాటి నవల, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించిన నవల. మరి జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'? అది అడుగు వరసలో ఉంది. రెండూ మా పల్లె కథలే. పల్లె గురించి బయటివాడు రాస్తే నవల, పల్లెవాడే రాస్తే దళిత సాహిత్యం! జాషువా గారి సంగతి మరీ చిత్రం. 'గబ్బిలం' ఒక నెల పద్యకావ్యాల్లో ఉంటుంది, ఒక నెల అడుగు వరసలో ఉంటుంది. కౌంటరు దగ్గర పిల్లాణ్ణి అడిగితే "జయంతికి కిందకి తెస్తామండీ" అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికి చెప్పినోళ్ళకి చెప్పినోళ్ళని అడగాలి.

"మీవాళ్ళు పుస్తకాలు కొనరమ్మా" అని ఇంకో మాట. ఈ మాట అనేవాళ్ళు డిసెంబరు 6న దాదర్ వెళ్ళి చూడాలి. చైత్యభూమికి వచ్చే కూలీజనం శివాజీ పార్కులో పుస్తకాల దుకాణాల ముందు ఎట్లా ఎగబడతారో చూడాలి. 1936లో లాహోరు సభవాళ్ళు బాబాసాహెబ్ ఉపన్యాసానికి భయపడి సభే మానుకుంటే, ఆయన 'కుల నిర్మూలన'ని సొంత డబ్బుతో 1,500 కాపీలు అచ్చేయించాడు. గాంధీగారు తన 'హరిజన్' పత్రికలో దానిమీద రాస్తూ, ఎనిమిదణాల వెల ఎక్కువ, రెండణాలో నాలుగణాలో చెయ్యమని సలహా ఇచ్చాడు. ఆ ఎనిమిదణాల పుస్తకమే రెండు నెలల్లో అయిపోయింది. మాకు పుస్తకం వెల తెలియకనా!

మా పల్లె చీరాల దగ్గర. మా నాయన పాలేరు. మా అమ్మ సీజన్లో పొగాకు గ్రేడింగుకి పోయేది. ఆమెకి అక్షరాలొచ్చింది సండేస్కూల్లో. మా ఇంట్లో మొదటి పుస్తకం బైబిలు. రెండోది చాలాకాలం లేదు. రాత్రి దీపం దగ్గర కూడబలుక్కుని చదివేది. యోబు గ్రంథం ముగించిన రోజు పాస్టరుగారిని ఆపి, "అయ్యగారూ, పందెం దేవుడికీ సాతానుకీ అయితే పిల్లలు చచ్చింది యోబుకి గదా. మళ్ళీ పిల్లల్నిచ్చాడు సరే, పోయినోళ్ళ సంగతేంది?" అని అడిగింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నాడు. ఇది విమర్శ కాదా? దీన్ని కూడా 'అనుభవం' అరలో, అడుగు వరసలో పెడతారా?

ఊళ్ళో గ్రంథాలయం ఉండేది. రామాలయం వెనక. రావద్దని బోర్డేం లేదు. కానీ అక్కడికి చేరాలంటే పెద్దోళ్ళ బజారు పొడుగునా నడవాలి. అరుగుల మీద కూచున్నోళ్ళు "ఎవరి పిల్లవే? ఇటెందుకొచ్చావ్?" అంటారు. మూడోసారి నాకు కాళ్ళు రాలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మా కాలనీ ఇంటికి మా నాయనా పన్ను కట్టాడు. పెద్ద బజారులో కూచుని పేపరు చదివినోళ్ళ చదువుకి మా పైసలు పడ్డాయి.

చీరాలకి ఒకపక్క వేటపాలెం. 1918లో పుట్టిన సారస్వత నికేతనం అక్కడే. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశాడు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వస్తారు. నేనూ తర్వాత వెళ్ళాను, ఆ గదుల్లో కూచుంటే లేవబుద్ధి కాదు. చీరాలకి ఇంకోపక్క కారంచేడు. 1985 జులై 17న మా మాదిగల్ని వెంటాడి వెంటాడి చంపిన ఊరు. బతికినోళ్ళు చీరాలకే పరిగెత్తుకొచ్చారు. గ్రంథాలయోద్యమం గురించి రాసే పెద్దలు వేటపాలెం దాకా వచ్చి వెనక్కి పోతారు. నేను ఈ రెండు ఊళ్ళ బస్సులూ ఆగే బస్టాండులో పెరిగాను. పుస్తకాలే మనుషుల్ని మారుస్తాయని మా బృందంలో ఎవరన్నా పరవశించినప్పుడు నాకు ఆ బస్టాండు గుర్తొస్తుంది. ఎవరి చేతికొచ్చిన పుస్తకం? ఎవరి ఊళ్ళో?

విజయవాడలో జనవరి పుస్తక ప్రదర్శన ఎన్నో ఏళ్ళు స్వరాజ్ మైదానంలో జరిగింది. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనేవాళ్ళం. ఇప్పుడక్కడ అంబేద్కర్ స్మృతివనం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. ప్రదర్శన ఊళ్ళోనే వేరేచోటికి మారింది. "పుస్తకాల చోటుని విగ్రహం మింగేసింది" అని మా బృందంలో ఒకాయన నిట్టూర్చాడు. నేనేం విగ్రహాల మనిషిని కాదు. దండలకి డబ్బుండి హాస్టలు పిల్లల పుస్తకాలకి లేదనే పాలకుల్ని నేనూ తిడతాను. కానీ మాట తూచి అనండి సార్. పుస్తకాలు పెట్టుకోవటానికని దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నవాణ్ణి పుస్తకాలకి అడ్డొచ్చినవాడిగా నిలబెడతారా?

సరే, పోయిన ఏప్రిల్ సంగతి. ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పెట్టారు. 1917లో విదేశాల్లో చదివొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి చోటు లేదు. పార్సీ పేరు చెప్పి ఒక పార్సీ సత్రంలో దిగుతాడు. పైన పాత సామాను పడేసిన హాలు, గుడ్డి దీపం, గబ్బిలాలు. ఒంటరితనం మరవటానికి చదువుతూ కూచుంటాడు. పదకొండో రోజు పొద్దున, లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేద్దామని చేతిలోకి తీసుకుంటుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. డజనుమంది పార్సీలు, చేతుల్లో కర్రలు.

నేను చాలా చెప్పాలని వెళ్ళాను. ఇంత ఘోరాన్ని ఒక్క ఏడుపుమాట లేకుండా, లెక్కల గుమస్తా పద్దు రాసినట్టు, రోజుకి రూపాయిన్నర అద్దె అన్నదాకా ఎట్లా రాశాడు? కర్రల కంటే ముందు ఆ చేతిలో లైబ్రరీ పుస్తకాలు ఎందుకు చూపించాడు? ఇది అచ్చయింది 1990లో. 1971లోనే పోయిన జాషువా దీన్ని చదివే వీల్లేదు. అయినా ఆయన కావ్యంలోనూ అంటరానివాడికి దొరికిన తోడు గబ్బిలమే. ఈ ఇద్దరి గబ్బిలాల్ని పక్కపక్కన పెట్టి చూడొద్దా? వాళ్ళు నన్నడిగింది ఒకటే: "మీకూ ఇలాంటివి జరిగాయా మేడమ్?"

జరిగాయి. చెప్పను. మీరు దాస్తొయెవ్‌స్కీ చదివినప్పుడు ఎవరినన్నా చంపారా అని నేను అడగలేదుగా!

నేను పనిచేసే ఊళ్ళో, పల్లెలో చర్చి వరండా మీద శనివారం రాత్రిళ్ళు ఇప్పుడు చదువుతున్నాం. కూలికి పోయే ఆడోళ్ళు పదిమందిదాకా, డిగ్రీ చదివే పిల్లలు ముగ్గురు నలుగురు. అక్షరాలు రానివాళ్ళే ఎక్కువ. నేను పైకి చదువుతాను. బరోడా అధ్యాయం చదివిన రాత్రి అందరూ ఊరకుండిపోయారు. డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ ఒకామె, "అమ్మాయ్, మరి ఆ లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చాడా?" అంది. మా మేడ మీద ఏ పండితుడూ అడగని ప్రశ్న. "ఇచ్చే ఉంటాడు, లేకపోతే దొంగంటారు గదా మనల్ని" అని ఒకామె. "ఆయన ప్రాణం పోతుంటే పుస్తకాల గోలేందత్తా" అని డిగ్రీ పిల్లాడు. "ఆయన ప్రాణం అందులోనే గదరా ఉంది" అని పెద్దమ్మ. గంటసేపు తగువులాడుకున్నారు. పుస్తకంలో సమాధానం దొరక్క మళ్ళీ మొదట్నుంచి చదివించారు.

తర్వాత 'నేరము-శిక్ష' మొదలుపెట్టాం. పేర్లు నోరు తిరగటం లేదని అతన్ని 'ఆ అద్దెగది పిల్లోడు' అంటున్నారు. మొదటి భాగం అయింది. గొడ్డలి దెబ్బ దగ్గర కంటే అతని తల్లి రాసిన ఉత్తరం దగ్గరే ఎక్కువసేపు ఆగారు. చెల్లెలి పెళ్ళి బేరం సంగతి ఇంకోసారి చదవమన్నారు, చదివాను. పెద్ద పుస్తకం. మిరపకోతలు మొదలైతే ఎవరూ రాలేరు, ఈలోగా సగమన్నా అవ్వాలి.