పంపడం వేరు... అందడం వేరు!

ఊళ్లో ఓ చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ ఉందనుకోండి. పొద్దున్నే పరగడుపున రక్తమిచ్చి వెళ్లిన పెద్దాయన రిపోర్టు సాయంత్రానికల్లా హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి మెయిల్లో చేరాలి. అక్కడి డాక్టరుకి చూపించాలని ఆ అబ్బాయి తొందర. కౌంటర్లో అమ్మాయి బటన్ నొక్కింది. తెరమీద 'సెంట్' అని వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్... 'మేడమ్, రిపోర్టు ఇంకా రాలేదండీ!' 'మేం మధ్యాహ్నమే పంపేశామండీ' అని ఈవిడ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మరి ఉత్తరం ఎక్కడున్నట్టు?

ఎర్ర డబ్బాలో వేసిన కార్డు నేరుగా అవతలివాళ్ల గుమ్మంలో వాలిపోదు. పోస్టాఫీసు సంచిలోకి, అక్కణ్నుంచి ఆర్‌ఎంఎస్ సార్టింగుకి, మరో ఊరి పోస్టాఫీసుకి, ఆఖరికి పోస్ట్‌మ్యాన్ చేతికి వెళ్తుంది. మెయిల్ సంగతీ అంతే. ఒక సర్వర్ అందుకుని ఇంకో సర్వర్‌కి అందిస్తుంది. ఆ అందించడాన్నే 'రిలే' అంటారు. 'సెంట్' అన్న మాటకు అర్థం, పక్కనున్న సర్వర్ సంచి తీసుకుందని. అంతకుమించి ఏమీ లేదు.

ఈ చేతులు మారే పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన పత్రంతో దానికో రూపం వచ్చింది. రెండు సర్వర్లు మాట్లాడుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముందు 'హెలో' అని పలకరింపు. (ఆజ్ఞలన్నీ నాలుగేసి అక్షరాలు కాబట్టి ఇంగ్లిషులో ఒక 'ఎల్' ఎగిరిపోయింది!) తర్వాత ఎవరి దగ్గర్నుంచి, ఎవరికి అన్న వివరాలు. ఆ తర్వాత అసలు ఉత్తరం. అవతలి సర్వర్ ఒక్కోదానికీ '250' అంటూ తలూపుతుంది. ఈ ముచ్చట్లలో ఎక్కడా 'నువ్వు చెప్పే పేరు నీదేనా?' అన్న ప్రశ్న లేదు.

అప్పట్లో దాంతో పెద్దగా పని పడలేదు. నెట్‌వర్క్‌లో ఉన్నవి యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు. ఎవరి ఉత్తరాన్నయినా ఎవరి సర్వరైనా ముందుకు పంపించడం ఇరుగుపొరుగు మర్యాద. ఎరిక్ ఆల్‌మన్ తయారుచేసిన సెండ్‌మెయిల్ ప్రోగ్రాం 1998లో 8.9 వెర్షన్ వచ్చేదాకా అడిగినవాళ్లందరి మెయిళ్లనూ చేరవేసేది. ప్రకటనల బెడద అప్పటికి కొత్తదేం కాదు. 1978లోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. కానీ తొంభైల్లో వచ్చినవాళ్లు వేరే రకం. తలుపు తీసి ఉన్న సర్వర్‌ని వెతికి పట్టుకుని, దాని భుజమ్మీద లక్షల చెత్త మెయిళ్లు మోయించేవారు. దాంతో ఒక్కో తలుపూ మూతపడింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ గిల్మోర్ మాత్రం తన సర్వర్‌ని మూయనని భీష్మించారు. ప్రయాణాల్లో ఉన్న స్నేహితులు ఎక్కణ్నుంచైనా ఉత్తరాలు పంపుకోవాలన్నది ఆయన వాదన. ఆ పట్టుదల 2001లో ఆయనకీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మధ్య పెద్ద పేచీ అయింది. వాదనలో న్యాయం లేకపోలేదు, కానీ లోకం అప్పటికే మారిపోయింది.

మళ్లీ డయాగ్నస్టిక్ సెంటర్‌కి వద్దాం. అక్కడ మెయిల్ పంపేవి ఒకటి కాదు. బిల్లింగ్ కంప్యూటర్, స్కానర్, రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్... అన్నిట్లోనూ పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు మెయిల్ పంపడాన్ని ఆపేసింది. అలా పంపుతున్న పాత స్కానర్లన్నిటికీ ఆ దారి మూసుకుపోయింది. వాటికి కొత్త తాళాలు తెలియవు, నేర్పినా నేర్చుకోలేవు.

ఇలాంటి చోట ఓ చిన్న రిలే సర్వర్ బాగా అక్కరకొస్తుంది. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మూలన పడేసిన పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాం ఎక్కిస్తే సరిపోతుంది. ఐబీఎంలో పనిచేస్తున్నప్పుడు వీట్సే వెనెమా రాసిన ఈ ప్రోగ్రాం 1998లో బయటికొచ్చింది. పైసా ఖర్చు లేదు. ఆఫీసులోని పరికరాలన్నీ మెయిళ్లను దీనికి అప్పగిస్తాయి. కరెంటు పోయినా, నెట్ పోయినా ఉత్తరం డిస్కులో క్యూలో భద్రంగా ఉంటుంది. నెట్ రాగానే మళ్లీ ప్రయత్నం. ప్రత్యేకంగా మార్చకపోతే అయిదు రోజులదాకా విసుగు లేకుండా ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే పంపినవాళ్లకే తిప్పి పంపిస్తుంది. స్కానర్‌కి ఇంత ఓపిక ఎక్కడిది?

అయితే ఈ చిన్న సర్వర్ నేరుగా జీమెయిల్ గుమ్మం ముందు నిలబడితే లోపలికి రానివ్వరు. మామూలు బ్రాడ్‌బ్యాండ్ నంబర్ల నుంచి నేరుగా వచ్చే మెయిల్ అంటేనే అనుమానం. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు చేసే పని అదే కదా! స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు అలాంటి నంబర్ల జాబితాలే పెట్టుకున్నాయి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు మెయిళ్లు వెళ్లే 25వ నంబరు పోర్టును ముందే మూసేస్తాయి. అందుకని చిన్న సర్వర్, పలుకుబడి ఉన్న పెద్ద సర్వర్‌కి సంచి అప్పగించాలి. సాధారణంగా 587వ పోర్టులో, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి, ఎవరూ దారిలో చదవకుండా తాళం వేసి మరీ. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి 'రిలేహోస్ట్' అన్న ఒక్క వరుస రాసి, పాస్‌వర్డ్ ఉన్న ఫైలు చూపించాలి. ఎవరి ఉత్తరాన్నయినా అందరూ మోసిన చోట, ఇప్పుడు చిన్నవాళ్లు తమ ఉత్తరం పంపుకోవడానికి కూడా పెద్దల సిఫార్సు కావాలి. బాధగానే ఉంటుంది గానీ, రిపోర్టు అందాలంటే వేరే దారి లేదు.

సిఫార్సు ఒక్కటే చాలదు, పేరు కూడా రుజువు చేసుకోవాలి. సెంటర్‌కి సొంత డొమైన్ ఉంటే, 'మా పేరుతో ఉత్తరాలు తెచ్చేది ఫలానా సర్వర్లే' అని గుమ్మానికి బోర్డు కట్టినట్టు డొమైన్ రికార్డులో రాయాలి. అది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద వేసే లక్కముద్ర లాంటిది డీకిమ్. ముద్ర చెదిరితే దారిలో ఎవరో మార్చారని తెలిసిపోతుంది. ఈ రెంటిలో ఒక్కటైనా కింద కనిపించే పంపినవారి పేరుతో సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్ అనుకోవడం పొరపాటు. ఒక్కటీ సరిపోలనప్పుడే దాని మాట పనిచేస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ తనకు మెయిల్ పంపే ప్రతివాళ్లనీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలంటోంది. రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకైతే మూడూ తప్పనిసరి. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. కొత్త రిలే కంపెనీని పెట్టుకుంటారు, బోర్డు మీద పాత పేరే ఉంచేస్తారు! ఇక రిపోర్టులు స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లక ఏమవుతాయి?

అసలు ప్రమాదం ఇంకోటుంది. ఎవరి మెయిళ్లు తీసుకోవాలో చెప్పే 'మైనెట్‌వర్క్స్' అనే వరుసలో, పని కావట్లేదన్న విసుగుతో 'అందరివీ' అని రాసేసే మహానుభావులున్నారు. అదే ఆ పాత తలుపు తీసిన సర్వర్. ఇంటర్నెట్ నుంచి చేరుకోగలిగే చోట ఉంటే దాన్ని వెతికి పట్టుకోవడానికి దొంగలకి ఎంతోసేపు పట్టదు. క్యూలో వేల చెత్త మెయిళ్లు పేరుకుంటాయి, డొమైన్ పేరు నల్లజాబితాలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఒక్క రోగికి కూడా రిపోర్టు వెళ్లదు. పోనీ ఆఫీసు లోపలున్నవన్నీ నమ్మకమైనవే అనుకుంటే, వాటిలో ఒకదానికి వైరస్ పడితే చాలు, అదే ఫలితం. స్కానర్, బిల్లింగ్ కంప్యూటర్ల నంబర్లు మాత్రమే రాసి, మిగతావాటికి తలుపు వేయడం మేలు.

అన్నీ అయ్యాక సర్వర్ రోజూ రాసుకునే లాగ్ చూడాలి. నాలుగుతో మొదలయ్యే జవాబు వస్తే 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని. అయిదుతో మొదలైతే 'రావొద్దు' అని, పక్కనే కారణం కూడా ఉంటుంది. లాగ్‌లో అంతా బాగున్నా సొంత జీమెయిల్‌కి ఒకటి పంపి, అందులో 'షో ఒరిజినల్' నొక్కి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ పక్కన 'పాస్' అని ఉందో లేదో చూసుకోవాలి. ఒక్కటి మాత్రం ఏ సెట్టింగూ మార్చలేదు. దారిలో తాళం ఉన్నా, ప్రతి మజిలీలోనూ సర్వర్ సంచి విప్పి కడుతుంది. కాబట్టి పెద్దాయన రిపోర్టుని పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపాలి. ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్లో రాయకుండా, ఫోన్ చేసి చెప్పాలి.