కుటుంబ ఆరోగ్యం: ఆవిరి గదిలో కరిగేది కొవ్వేనా?



పుంగనూరు నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాశారు. వయస్సు 48, బరువు 92 కిలోలు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేరు. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. "సిగ్గుతో నలుగురిలోకి వెళ్ళడమే మానుకున్నాను. కుప్పంలో ఉద్యోగం చేసే మా అబ్బాయి, 'మదనపల్లెకు వెళ్ళి ఆవిరి స్నానాలు చేయించుకో అమ్మా, డబ్బు నేను పంపుతాను' అంటున్నాడు. ఒక్కసారికే అరకిలో తగ్గుతుందట. నిజమేనా?" అని అడిగారు.

అమ్మా, తగ్గే మాట నిజమే. అయితే తగ్గేది కొవ్వు కాదు, నీరు. అరలీటరు చెమట పోతే తూకంలో అరకిలో తక్కువ చూపుతుంది. ఇంటికి వచ్చి దాహం తీరా నీళ్ళు త్రాగితే ఆ బరువు తిరిగి వస్తుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీల శక్తి నిలువ ఉంటుంది. ఆవిరిలో కాసేపు కూర్చున్నంత మాత్రాన అది కరగదు.

మరి ఆవిరి స్నానం వ్యర్థమా? కాదు. వేడికి బిగిసిన కండరాలు సడలుతాయి. నొప్పి కొంతసేపు ఉపశమిస్తుంది. కొందరికి మంచి నిద్ర పడుతుంది. ఫిన్లాండు దేశంలో సౌనా అనే వేడి గది స్నానం ఇంటింటి అలవాటు. అక్కడ 2,315 మంది నడివయస్సు పురుషులను సుమారు 20 ఏళ్ళు గమనించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 4 నుండి 7 సార్లు సౌనా చేసినవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. అయితే అది బరువు తగ్గించుటకు చేసిన పరిశీలన కాదు. మేలు సౌనా వలననే కలిగిందని కూడా దానితో రుజువు కాలేదు.

ఒక హెచ్చరిక. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి చర్మం కాలినా తెలియదు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా వెళ్ళకూడదు. మీరు కూడా ముందు మీ డాక్టరును అడగండి. సరే అంటే 10 నిమిషాలతో మొదలుపెట్టండి. ఒంటరిగా ఉండవద్దు. తరువాత నీళ్ళు త్రాగండి. మాత్రలు మాత్రం మానవద్దు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల శానిటోరియం ప్రారంభమైంది. క్షయకు సరియైన మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే ముఖ్య చికిత్స. చిక్కిపోయిన రోగి కాస్త ఒళ్ళు చేస్తే అది శుభసూచన. ఇప్పుడు కాలం తిరగబడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. కనుక మీరు ఒంటరివారు కారు, సిగ్గుపడవలసిన పని లేదు. అప్పుడైనా, ఇప్పుడైనా తూకం ఒక గుర్తు మాత్రమే. మనిషి లేచి తన పని తాను చేసుకోవడమే అసలైన ఆరోగ్యం.

మీ బరువులో నూటికి 5 వంతులు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు తగ్గినా మేలే. ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. రాగి సంగటి మానవద్దు, ముద్ద చిన్నది చేయండి. ఆకుకూర పెంచండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, 5 లెక్కించి దించండి. ఒక్కొక్క కాలికి 10 సార్లు. ఆవిరి వలన నొప్పి తగ్గిన రోజున పడుకోక, చదునైన దారిలో 10 నిమిషాలు నడవండి. ఆవిరి చేయగలిగిన అసలు మేలు అదే.

మీ అబ్బాయితో ఒక మాట చెప్పండి: "డబ్బు తరువాత పంపుదువు గాని, సెలవు రోజున వచ్చి నాతోపాటు నడువు నాయనా." వచ్చే నెల ఉత్తరంలో ఎన్ని కిలోలు తగ్గారో కాదు, ఎన్ని మెట్లు ఎక్కారో, ఎవరి ఇంటికి వెళ్ళి వచ్చారో వ్రాయండి. ఎదురు చూస్తుంటాము.