సూర్యుడిదీ శనిదీ ఒకే రాయి

ఏలినాటి శని నడుస్తోంది, నీలం పెట్టించమని చెబితే, ఉద్యోగం రాని కొడుకున్న తల్లి బేరమాడదు. అప్పు తెచ్చయినా ఉంగరం చేయిస్తుంది. మా తిరుమలగిరిలో అలాంటి తల్లులు చాలామందే ఉన్నారు. రాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అందుకే ఆ తల్లి భయాన్ని రత్తీల లెక్కన తూచి అమ్మడం చూస్తే ఒళ్లు మండుతుంది.

కెంపు సూర్యుడిది, నీలం శనిది, ఆ ఇద్దరికీ పడదు కాబట్టి రెండూ కలిపి పెట్టుకోకూడదంటారు. ఖనిజంగా చూస్తే రెండూ ఒకటే. పేరు కురువిందం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి గట్టిపడిన స్ఫటికం. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. రవ్వంత క్రోమియం చేరితే ఎర్రబడి కెంపవుతుంది. ఇనుము, టైటానియం కలిసి చేరితే నీలమవుతుంది. గురువుకని పెట్టుకునే కనకపుష్యరాగం కూడా పసుపు రంగు కురువిందమే. మూడు గ్రహాల పేరుతో మూడు ధరలకు కొంటున్నది ఒక్క ఖనిజాన్ని. శని సూర్యుడి కొడుకేనని పురాణం కూడా చెబుతుంది కదా!

ఫ్రాన్స్‌లో వెర్నొయ్ అనే రసాయన శాస్త్రవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపును పెంచే పద్ధతిని 1902లో ప్రకటించాడు. అలా పెంచిన కెంపుదీ అదే కూర్పు, అదే గట్టిదనం. ధర మాత్రం ఎన్నో రెట్లు తక్కువ. మహిమ రాయిలోనే ఉంటే ఈ చవక కెంపుకూ ఉండాలి. ఉండదని మొదట చెప్పేది అమ్మేవాళ్లే.

జనవరికి గార్నెట్, జులైకి కెంపు, సెప్టెంబరుకు నీలం అంటూ ఇప్పుడు దుకాణాల్లో కనబడే పుట్టిన నెల రాళ్ల పట్టికను 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం ఖరారు చేసింది. అంతకుముందు నుంచీ ఉన్న నమ్మకాలను వ్యాపారానికి వీలుగా సర్దిన జాబితా అది.

తిరుమలగిరి బండల్లో కెంపు దొరకదు. ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. తాజాగా పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూడండి, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్ కంటికే కనబడతాయి. సిలికా ఇంత దండిగా ఉన్నచోట అల్యూమినియం దానితోనే కలిసిపోతుంది, కురువిందంగా మిగలదు. ఇళ్ల కోసం ఈ బండలను పేల్చేసే ముందు పిల్లలకు ఒక్కసారైనా చూపించాలని నా ఆశ.

ఎర్రరాయి కావాలంటే కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట ఉంది. అక్కడ అల్మాండైన్ గార్నెట్ దొరుకుతుంది. ఇనుము, అల్యూమినియం, సిలికా కలిసిన ముదురెరుపు రాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడులో, రోమ్‌తో వర్తకం నడిచిన పాత రేవులో దొరికిన గార్నెట్లను పరిశోధకులు ఈ గుట్ట రాళ్లతో పోల్చి చూశారు. రసాయన కూర్పు సరిపోయింది. లోపల చిక్కుకున్న సన్నని సిల్లిమనైట్ సూదులూ సరిపోయాయి. అవి ఈ గుట్టవే అయ్యుండాలని 2017లో ప్రచురించారు. మన గుట్ట మీది రాయి అంత పూర్వమే సముద్రపు ఒడ్డు చేరిందన్న సంగతి బడిపిల్లలందరికీ తెలియాలి. రాహువుకని పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబానిదే, కాకపోతే అందులో ఇనుముకు బదులు కాల్షియం ఉంటుంది.

నమ్మకంతో పెట్టుకునేవారిని నేను వద్దనను. కానీ ఖనిజం పేరు, సహజమైనదా ప్రయోగశాలలో పెంచినదా, వేడి చేశారా, పగుళ్లలో గాజు నింపారా అన్నవన్నీ బిల్లు మీద రాయించుకోండి. సీసపు గాజు నింపిన కెంపులు బజారులో ఉన్నాయి. నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుతుంది. గార్నెట్‌నే కెంపని అంటగట్టారేమోనని అనుమానముంటే రత్నపరీక్ష చేసేవారి దగ్గర పోలారిస్కోప్ కింద పెట్టించండి. లోపలికి వెళ్లిన కాంతిని కెంపు రెండు పాయలుగా చీలుస్తుంది, గార్నెట్ చీల్చదు. నిమిషాల్లో తేలిపోతుంది. అది తేలేదాకా డబ్బు కట్టకండి.