తీరపు ఇంటికి తీరపు తోట: మా ప్రణాళిక

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రానికి దగ్గర్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం, కట్టుకోబోతున్నవాళ్ళం, ఆ ఇళ్ళలో తోటపని చేసేవాళ్ళం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం. రిసార్టులో దొరికే హాయి మా పెరట్లోనే దొరకాలన్నది మా కోరిక. అది దాచుకోవలసిన కోరికేమీ కాదు. పగలంతా ఉక్కపోతలో ఉడికిన మనిషికి సాయంత్రం ఇంత నీడ, ఇంత గాలి, కాస్త నీటి చప్పుడు, పూల వాసన కావాలి. బంగళాలున్నవాళ్ళకే కాదు, 200 గజాల స్థలంలో అప్పు చేసి ఇల్లు కట్టుకున్న చిన్న ఉద్యోగికీ కావాలి. అది సాధ్యమే. ఇప్పుడు మనం నడుస్తున్న దారిలో మాత్రం సాధ్యం కాదు.

ఇప్పుడు జరుగుతున్నది అందరికీ తెలిసిందే. ఇల్లు పూర్తికాగానే ఆవరణంతా టైల్స్ పరుస్తారు. మిగిలిన కాస్త చోట కార్పెట్ గడ్డి. గేటు నుంచి మెట్ల దాకా రెండు వరసల రాయల్ పామ్. ప్రహరీ వెంబడి గోడలా కత్తిరించిన కోనోకార్పస్. ఫొటోలో చాలా బాగుంటుంది. వేసవిలో ఉదయం 10 గంటలకు అందులో నిలబడి చూడండి: తల దాచుకునే నీడ ఉండదు, కూర్చునే చోటు ఉండదు. ఇంటివాళ్ళు ఏసీ గదిలో అద్దం వెనక నుంచి దాన్ని చూస్తుంటారు. మనిషి కాలు పెట్టని తోటను మేం రిసార్టు తోట అనం.

మనకు నచ్చిన ఆ రిసార్టు తోటలు పుట్టిన చోట సంగతి వేరు. బాలి దీవిలో సనూర్ తీరాన 1962లో తండ్‌జుంగ్ సారి అనే చిన్న హోటల్ మొదలైంది. అక్కడి ఊళ్ళలో ఇళ్ళు ఎలా ఉంటాయో అలాగే వసారాలు, ముంగిళ్ళు, అక్కడి రాయి, అక్కడి చెట్టు. శ్రీలంకలో బెంటోట దగ్గర వాస్తుశిల్పి జెఫ్రీ బావా 1940ల చివర్లో ఒక పాత రబ్బరు తోట కొన్నాడు. 2003లో కన్నుమూసేదాకా దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. అదే లునుగంగ. అక్కడి దేవగన్నేరు కొమ్మలకు బరువులు వేలాడదీసి, ఏళ్ళ తరబడి తనకు కావలసిన వైపు వంచుకున్నాడు. అందులో డబ్బు కంటే ఓపికే ఎక్కువ. ఆ ఓపికను అక్కడే వదిలేసి, చెట్ల పేర్లు మాత్రం మనం మూటగట్టుకొచ్చాం.

మా మొదటి మాట గాలి గురించి. ఇక్కడ తోట వేసేవాళ్ళు 2014 అక్టోబర్ 12ను మరిచిపోకూడదు. హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ మీదే తీరం దాటింది. ఊరి నీడంతా ఒక్క పూటలో నేలకొరిగింది. ఆ తర్వాత త్వరగా ఎదిగే చెట్టు కోసం అందరం తొందరపడ్డాం. తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ పెళుసు కొమ్మల తురాయిని ఇంటి పైకప్పుకు ఆనించి పెంచడం ఇక ఆపాలి. కోనోకార్పస్‌ను నాటకూడదని గుజరాత్ 2023లోనే నిషేధం పెట్టింది. మేమూ దాన్ని మా గుమ్మంలోకి రానివ్వం.

గాలిని గోడతో ఆపలేం. ఎత్తయిన గట్టి ప్రహరీకి కొట్టుకున్న గాలి పైకి లేచి, అవతల సుడి తిరుగుతూ కిందికి దూకుతుంది. ఆ సుడిలో పడ్డ మొక్క బతకదు. సగం గాలిని వదిలి సగాన్ని పట్టే చెట్ల వరస, తన ఎత్తుకు పదింతల దూరం దాకా గాలి జోరు తగ్గిస్తుంది. అందుకే సముద్రం వైపు మా గోడలు జాలీ ఇటుకతోనే కడతాం. దాని లోపల వావిలి, గన్నేరు గుబురుగా పెంచుతాం. స్థలం ఉంటే సరుగుడు, మొగలి. ఇసుక దిబ్బను ఆనుకుని ఇల్లున్నవాళ్ళు బాలబండి తీగను పీకకూడదు. ఊదా రంగు పూలతో ఇసుక మీద పాకే ఆ తీగే దిబ్బను పట్టి ఉంచుతుంది. దాన్ని చెత్త అనుకుని పీకించి, ఆ చోట లారీ ఎర్రమట్టి పోయించే పనికి మాలో ఎవరూ ఒప్పుకోరు.

ఆ గుబురు వెనక మన నీడ చెట్లు. వీటిలో పొన్నకే పెద్దపీట. ఉప్పుగాలికి వెరవదు, ఆకు మెరుస్తూ దట్టంగా ఉంటుంది, తెల్లని పూలకు మంచి వాసన. పడవలకు పనికొచ్చే కలప దానిది, దీపానికి పనికొచ్చే నూనె దాని గింజది. పక్కన గంగరావి, కానుగ, పొగడ. చిన్న స్థలమైతే ఒక్క పొగడ చాలు, కింద రాలిన పూలను పిల్లలు ఏరుకుంటారు. చూడ్డానికి పచ్చగా, పెద్ద ఆకులతో అడవిలా ఉండాలంటే అరటి, చామ, మెట్టతామర, పసుపు ఉన్నాయి. రంగుకు నూరువరహాలు, మందారం. రాత్రి వాసనకు పారిజాతం. ఈ పేర్లతో తోట వేసి చూపించండి, ఏ రిసార్టుకు తీసిపోతుందో చెప్పండి!

ఇక నీళ్ళు. మా ఉద్యమానికి అసలు కారణం ఇదే. తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీరు నిలుస్తుంది. బోరు వేసి ఆ ఒక్క అడుగూ తోడేస్తే, కింద నుంచి 40 అడుగుల మేర ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. ఈ లెక్క తెలిశాక గడ్డి తివాచీకి నీళ్ళు పోయడానికి చెయ్యి రాదు. ఎండాకాలంలో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు చొప్పున వేసుకున్నా, 100 గజాల గడ్డికి 400 లీటర్లు దాటుతాయి. అది మన బోరుదే కాదు, పక్కింటి బోరుది కూడా. పక్క వీధిలో బిందెతో మోసుకునే మనిషిది కూడా.

కాబట్టి గడ్డి తివాచీ వద్దు. ఆ చోట ఇసుక పరిచి, నడవడానికి రాళ్ళు విడివిడిగా వేసుకుంటాం. మధ్యలో వాన దిగుతుంది. విశాఖకు ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన. 1,000 చదరపు అడుగుల డాబా మీద అది 90 వేల లీటర్ల పైమాటే. ఆ నీటిని వీధి కాలువకు అప్పగించం. ఇంకుడుగుంటలోకి పంపి, ఉప్పునీటిని కిందికి నెట్టే బలం నేలకు తిరిగిస్తాం.

ఇసుక నేలలో నీరు నిలవదన్నది నిజమే. దానికి కొబ్బరి రైతుల పద్ధతి ఉంది. చెట్టు పాదు చుట్టూ కందకం తీసి, కొబ్బరి డొక్కలు లోపలి వైపు పైకి ఉండేలా, వెల్లకిలా వరసగా పేర్చాలి. వరసకూ వరసకూ మధ్య మట్టి. ఒక్కో డొక్క నీటిని పీల్చి దాచుకుని, వేరుకు కొద్దికొద్దిగా వదులుతుంది. పైన ఎండాకులు కప్పాలి. మా ఇళ్ళలో రాలిన ఆకును కాల్చం, వీధిలో పారబోయం. సముద్రం నుంచి పెనుగాలి కొట్టిన మర్నాడు ఆకుల మీద మంచినీళ్ళు చల్లి ఉప్పు కడిగేస్తాం. చెట్టు మాడకుండా ఉండడానికి అంతకంటే మంచి మందు లేదు.

ఈత కొలను ఉండి తీరాలన్న పట్టుదలను మేం వదులుకున్నాం. ఒక పెద్ద గోలెం, అందులో కలువలు, దోమపిల్లలను తినే చిన్న చేపలు, పక్కన ఒక అరుగు. నీటి చప్పుడు కావాలంటే చిన్న మోటారు చాలు. మేకులూ కొక్కేలూ మామూలు ఇనుమువి వాడితే ఏడాది తిరక్కుండా తుప్పు కారుతుంది. ఇత్తడివి గానీ, 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడాలి.

దీపాల విషయంలో మాకు రాజీ లేదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ప్రతి ఏటా చలికాలం చివర మన తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. దాదాపు నెలన్నర తర్వాత పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీది వెలుతురును చూసుకుని నీటి వైపు నడుస్తాయి. వాటి వెనక మన తోటలో చెట్ల మొదళ్ళ నుంచి ఆకాశంలోకి దీపాలు వెలిగితే, అవి దారి తప్పి రోడ్డెక్కి చస్తాయి. జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు మా దీపాలు వెలగవు. మిగిలిన రోజుల్లోనూ మోకాలెత్తులో, నేల వైపు వంచిన పసుపు దీపాలే పెడతాం.

ఒక్క ఇంటితో ఇదంతా కాదు. కడియం నర్సరీల వారికి మా విన్నపం: బయటి దేశాల పామ్‌లను ఎంత శ్రద్ధగా పెంచుతున్నారో, పొన్న, గంగరావి, పొగడ నారునూ అంత శ్రద్ధగా పెంచండి. కొనేవాళ్ళం మేమున్నాం. అపార్ట్‌మెంట్ సంఘాల వారికి: సెల్లారు చుట్టూ సిమెంటు చేసిన చోట ప్రతి పది అడుగులకూ నాలుగు టైల్స్ లేపి మట్టి కనబడనివ్వండి. ఇంటి ప్లాను గీసేవారికి: తోటను చివర మిగిలిన చోటుకు నెట్టకుండా, పడమటి ఎండ ఎటు పడుతుందో, నైరుతి గాలి ఎటు వస్తుందో చూసి, మొదటి గీతలోనే చెట్టుకు చోటు పెట్టండి.

మాతో కలిసేవారికి రుసుము లేదు. మొదటి పని పొన్న గింజలు ఏరడం. గింజ పెంకు గట్టిది, అలాగే పాతితే మొలకెత్తడానికి నెల దాటుతుంది. సుత్తితో మెల్లగా చిట్లగొట్టి, లోపలి పప్పు నలగకుండా తీసి, ఇసుక కలిపిన మట్టిలో పాతితే త్వరగా మొలుస్తుంది. ప్రతి ఇల్లూ పది సంచుల్లో నారు పోసుకోవాలి. ఒకటి తన పెరటికి, మిగిలిన తొమ్మిదీ వీధికి. తొలకరి పడి నేల తడవగానే నాటడం మొదలుపెడతాం.